ఆమె ‘ప్రినిమాల’ అంది, నేను వేసుకుందని రాశాను

ప్రశ్న

రష్యాలో వైద్యం మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరమిది. తన పేరు, చదివే ఊరు బయటికి రాకూడదని కోరింది. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

ఈమెది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. తండ్రి బ్యాంకు లోను తీసి పంపించారు. మొదటి రెండేళ్లు పాఠాలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి. రష్యన్ క్లాసును పాస్ మార్కుల కోసం చదివి నెట్టుకొచ్చింది. మూడో ఏడాది నుంచి వార్డులకు వెళ్లాలి. రోగి మంచం పక్కన కూర్చుని ఏం బాధ, ఎప్పటినుంచి, ఏ మందులు వాడారు అని రష్యన్‌లో అడిగి కేసు షీటు రాయాలి. అవయవాల పేర్లు, జబ్బుల పేర్లు బాగానే వచ్చు. చిక్కంతా క్రియలతోనే. ‘అన్నీ ఒకేలా కనిపిస్తాయి మేడమ్, ఒకేలా వినిపిస్తాయి. ఒకటి పట్టుకుంటే ఇంకొకటి జారిపోతుంది’ అని రాసింది.

మూడు సంఘటనలు చెప్పింది. ఒకాయన్ని సిగరెట్ తాగుతారా అని అడగబోయి మాటను ఎక్కడో తప్పు నొక్కింది. ఆయన నవ్వి ‘థాంక్స్, ఇక్కడ తాగనివ్వరమ్మా’ అన్నాడు. వార్డంతా నవ్వింది. కేసు షీట్లలో క్రియల చివర ఒక అక్షరం ఎక్కువో తక్కువో రాసిందని ఎర్ర సిరా గీతలు పడుతున్నాయి. అన్నిటికంటే బాధపెట్టింది మూడోది. బీపీ ఉన్న ఒక పెద్దావిడను మాత్రలు వేసుకున్నారా అని అడిగితే ఆవిడ ‘ప్రినిమాల, ప్రినిమాల’ అంది. ఈమె వేసుకున్నట్టు రాసేసింది. తర్వాత డాక్టరు వచ్చి గట్టిగా అడిగితే, ఆవిడ మాత్రలు మానేసి నెల దాటిందని తేలింది. డాక్టరు గ్రూపు అందరి ముందు ‘ప్రినిమాల అందా, ప్రిన్యలా అందా?’ అని నిలదీసింది. ఈమె దగ్గర జవాబు లేదు.

అప్పటినుంచి వెనక వరసలో నిలబడుతోంది. రష్యన్ బాగా వచ్చిన ఒక క్లాస్‌మేట్ అందరి తరఫునా మాట్లాడుతున్నాడు. ‘రష్యన్‌తో మనకేం పని, ఇండియా వెళ్లి పరీక్ష పాసైతే చాలు’ అంటున్నారు సీనియర్లు. ఇంకో దేశంలో కాలేజీకి మారడమా, ఏడాది సెలవు పెట్టడమా, ఇలాగే గడిపేయడమా అని అడుగుతోంది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఫోన్‌లో అనువాదం యాప్ పెట్టుకుంటే సరిపోతుందా అన్నది చివరి ప్రశ్న.

సమాధానం

అమ్మాయీ, ముందు ఆ పెద్దావిడ సంగతి తేల్చేద్దాం. నిన్ను వెనక వరసలోకి నెట్టింది అదే కదా.

రష్యన్‌లో చాలా పనులకు రెండేసి క్రియలుంటాయి, జంటగా. పని జరగడం, జరుగుతూ ఉండటం, మళ్లీ మళ్లీ జరగడం, ఇవి ఒకటి చెబుతుంది. పని పూర్తయింది, ఫలితం చేతికొచ్చింది అని రెండోది చెబుతుంది. మందు వేసుకోవడానికి ఉన్న ప్రినిమాత్, ప్రిన్యాత్ అలాంటి జంటే. ‘ప్రిన్యలా’ అంటే ఆవిడ మాత్ర వేసేసుకుంది, అది కడుపులో పడింది. ‘ప్రినిమాల’ అంటే అలాంటి పని చేసింది అని మాత్రమే. ఒకప్పుడు వాడేదేమో, నిన్నటిదాకా వాడిందేమో, ఈ పొద్దున కూడా వేసుకుందేమో. పొద్దున వేసుకున్న మనిషి కూడా ‘ప్రినిమాల’ అనొచ్చు. అంటే ఆ మాట ఎంత బాగా విన్నా నీకు కావలసిన జవాబు అందులో లేదు. అక్కడే పుట్టి పెరిగిన డాక్టరైనా అది విని కలం కింద పెట్టదు. ‘కగ్దా ఫ్ పస్లేద్నీ రాస్?’, చివరిసారి ఎప్పుడు అని అడుగుతుంది. మీ డాక్టరమ్మ ఆ రోజు అడిగి తెలుసుకున్నదీ అదే.

గుంటూరు ఆస్పత్రిలో తెలుగులో ‘మందులు వాడారా అమ్మా?’ అని అడిగి, ‘వాడానండీ’ అన్న జవాబు విని నువ్వు ఊరుకుని ఉంటే సరిగ్గా ఇదే జరిగేది. కాబట్టి నువ్వు చేసిన తప్పులో సగం రష్యన్‌ది, సగం కేసు తీసుకోవడం నేర్చుకునే కొత్తలో అందరికీ అయ్యేది. రెండోదానికి మందు వ్యాకరణ పుస్తకంలో దొరకదు. ఇంకో ప్రశ్న అడిగే అలవాటులో దొరుకుతుంది. డాక్టరమ్మ అందరి ముందూ నిలదీయకుండా ఉండాల్సింది, నిజమే. కానీ ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం మంచి ప్రశ్న.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచింది ఇది. నువ్వు అన్నిటినీ ఒకే మూటలో కట్టి దానికి ‘క్రియలు రావు’ అని పేరు పెట్టావు. విప్పి చూస్తే చెవికి మాత్రమే తేడా తెలిసేవి కొన్ని, కంటికి మాత్రమే తెలిసేవి కొన్ని, రెండింటికీ తెలియనివి ఇంకొన్ని. వీటికి తోడు పైన చెప్పిన జంట క్రియల గొడవ ఒకటి. దేని చిట్కా దానిదే. ఒకదాని చిట్కా ఇంకొకదాని మీద వాడితే ఎంత చదివినా పని చేయదు. నువ్వు ఇన్నాళ్లూ పట్టికలు బట్టీ పట్టి లాభం లేకపోయిందని రాసింది అందుకే అనుకుంటాను.

సిగరెట్ ఆయన దగ్గర నిన్ను ముంచింది చెవి. మామూలు అచ్చులో ఆ రెండు మాటలకూ తేడా లేదు, ఒక్క అక్షరం కూడా మారదు. మాటలో ఏ భాగాన్ని నొక్కి పలుకుతాం అన్నదే తేడా. ఈ సమాధానంలో రష్యన్ మాటలు రాసేటప్పుడు నొక్కు పడే అచ్చుకి దీర్ఘం ఇస్తున్నాను, నువ్వూ నోట్సులో అలాగే రాసుకోవచ్చు. రష్యన్‌లో నొక్కిన అచ్చు కాస్త సాగుతుంది, మన లిపిలో హ్రస్వ దీర్ఘాలు ఎలాగూ ఉన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటే ఈ సదుపాయం పోతుంది. ఇప్పుడు చూడు: ‘వి కూరితె?’ అంటే మీరు సిగరెట్ తాగుతారా. ‘కురీతె’ అంటే తాగండి. నువ్వు పాపం ఆయనకి సిగరెట్ తాగమని మర్యాద చేశావు.

ఇలాంటివే వార్డులో రోజూ తగులుతాయి. గుండెల మీద స్టెతస్కోప్ పెట్టి ‘దిషీతె’ అంటే ఊపిరి తీసుకోండి. ‘దీషితె’ అంటే మీరు ఊపిరి తీసుకుంటున్నారు. రెండోది అంటే రోగి అవునమ్మా తీసుకుంటున్నాను అన్నట్టు చూస్తాడు. ‘ప్లచూ’ అంటే డబ్బు కడుతున్నాను, ‘ప్లాచు’ అంటే ఏడుస్తున్నాను. ఫీజు కట్టే రోజున మీలో చాలామందికి రెండూ నిజమే అనుకో. పిల్లల వార్డుకి వెళ్లేముందు తెలుసుకోవలసింది ఇంకొకటుంది. ‘పిసాల్’ అంటే రాశాడు, ‘పీసల్’ అంటే పాస్ పోసుకున్నాడు. విదేశీ విద్యార్థులందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడ జారిపడతారు, వినేవాళ్లు నవ్వకుండా ఉండలేరు. సర్జరీకి వెళ్లాక ‘రజ్‌రిజాత్’, ‘రజ్‌రేజత్’ వస్తాయి. రెండూ కోయడమే. మొదటిది కోస్తూ ఉండటం, రెండోది కోసేయడం. అంటే జంట క్రియల తేడాను కూడా ఒక్కోసారి ఈ నొక్కే మోస్తుంది.

కాలాన్ని కూడా మార్చేస్తుంది. ‘ఉజ్నయూ’ అంటే కనుక్కుంటున్నాను. ‘ఉజ్నాయు’ అంటే కనుక్కుంటాను, ఇకమీదట. నర్సును ల్యాబ్ రిపోర్టు గురించి అడిగావనుకో, ఆవిడ అన్నది రెండిట్లో ఏదో తెలిస్తే అక్కడే నిలబడాలా, తర్వాత రావాలా అన్నది తెలుస్తుంది.

చెవి చిక్కులకు పట్టికలు పనికిరావు. నోటితో అనాలి. మామూలు రష్యన్ అచ్చులో నొక్కు గుర్తు ఉండదు, నిఘంటువుల్లోనూ విదేశీయుల పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. గ్రామత డాట్ రు అనే రష్యన్ పోర్టల్లో మాట కొడితే నొక్కు ఎక్కడో చూపిస్తుంది. కొత్త క్రియ నేర్చుకున్న రోజే గుర్తు పెట్టేసుకో, తర్వాత పెడదామంటే అప్పటికే తప్పు పలుకు నోటికి అలవాటైపోతుంది.

ఎర్ర సిరా సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. చెవికి తేడా లేదు, కాగితం మీదే ఉంది. ‘రోగి ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నాడు’ అన్నా, ‘రోగి సిద్ధమవ్వాలి’ అన్నా క్రియ ‘గతోవిత్స’ అనే వినిపిస్తుంది. రాసేటప్పుడు రెండోదాంట్లో త తర్వాత మెత్తని గుర్తు (ь అనే అక్షరం) రావాలి, మొదటిదాంట్లో రాకూడదు. రష్యన్ బళ్లలో పిల్లలకు నేర్పే చిట్కానే నీకూ చెబుతాను. ఆ క్రియకి ప్రశ్న వేసుకో. ‘ష్తో దేలయెత్?’, ఏం చేస్తున్నాడు అని ప్రశ్న కుదిరితే గుర్తు లేదు. ‘ష్తో దేలత్?’, ఏం చేయడం అని కుదిరితే గుర్తు ఉంది. ప్రశ్నలో ఆ గుర్తు ఉంటే జవాబులోనూ ఉంటుంది. ఇంకొక మాట, ఇది నీకు కాస్త ఊరట: రష్యన్లు తమ భాషలో తాము చేసే తప్పుల గురించి మాట్లాడుకుంటే ముందు గుర్తొచ్చేది ఇదే. నీ కేసు షీటులో ఎర్ర గీతలు పడితే టీచరుకి కొత్తేం కాదు.

‘వీపిషితె’ అని ఇంకొకటి. ఆస్పత్రిలో ఈ క్రియకి డిశ్చార్జి చేయడం, మందు చీటీ రాయడం అని రెండర్థాలు. చివరి ‘తె’కి ముందు ‘ఎ’ రాస్తే ‘మీరు చేస్తారు’, ‘ఇ’ రాస్తే ‘చేయండి’. నొక్కు రెండిట్లోనూ మొదటి అచ్చు మీదే కాబట్టి చెవికి ఒకటే. నన్నెప్పుడు డిశ్చార్జి చేస్తారు అని అడుగుతున్నాడో, చీటీ రాసివ్వండి అంటున్నాడో మిగతా వాక్యాన్ని బట్టి తెలిసిపోతుంది. నువ్వు రాసేటప్పుడే జాగ్రత్త. అచ్చులో ఇంకో మోసం కూడా ఉంది. ‘యో’ అక్షరం మీద రెండు చుక్కలుండాలి, కానీ పుస్తకాల్లోనూ పేపర్లలోనూ చాలాసార్లు చుక్కలు పెట్టరు. అప్పుడు ‘ఉజ్నయోత్’ (కనుక్కుంటున్నాడు), ‘ఉజ్నాయెత్’ (కనుక్కుంటాడు) అచ్చంగా ఒకేలా కనబడతాయి.

కంటికీ చెవికీ కూడా దొరకనివి చెప్పనా? నీ వృత్తిలోనే ఉంది ఒకటి. ‘లిచూ’ అంటే వైద్యం చేస్తున్నాను. ‘లిచూ’ అంటే విమానంలో వెళ్తున్నాను. రాత ఒకటే, నొక్కు ఒకటే. ‘నేను’ దాటి ‘నువ్వు’ దగ్గరికి వెళ్తే విడిపోతాయి: ‘లేచిష్’ అంటే నువ్వు వైద్యం చేస్తావు, ‘లితీష్’ అంటే ఎగురుతావు. అందుకే కొత్త క్రియని ఎప్పుడూ ఒంటరిగా రాసుకోకు. మూలరూపం, ‘నేను’ రూపం, ‘నువ్వు’ రూపం మూడూ కలిపి రాసుకుంటే మిగతా రూపాలు చాలావరకు వాటంతటవే వస్తాయి, నొక్కు ఎక్కడికి జరుగుతుందో కూడా అక్కడే బయటపడుతుంది.

‘బలేత్’ ఇంకా తమాషా. ఒకే మూలరూపం కింద రెండు క్రియలున్నాయి. మనిషి జబ్బుపడితే ‘బలేయెత్’, అవయవం నొప్పిపెడితే ‘బలీత్’. ‘ఉ మిన్యా బలీత్ జివోత్’ అంటే నాకు కడుపునొప్పిగా ఉంది. ‘ఓన్ బలేయెత్’ అంటే అతనికి జబ్బుగా ఉంది. ఇక్కడి దాకా పర్వాలేదు. భూతకాలంలోకి వచ్చేసరికి రెండూ ‘బలేల’ అయి కూర్చుంటాయి. తల ‘బలేల’, ఆవిడ ‘బలేల’. ఇక కర్తను చూడాల్సిందే. అవయవమైతే నొప్పి, మనిషైతే జబ్బు. ఇది మనకేం వింత? ఆమె మందు వాడింది, పువ్వు వాడింది అంటాం. ఏ తెలుగువాడూ తికమకపడడు. మాట దగ్గర ఆగకుండా వాక్యం మొత్తం వింటాం కాబట్టి. ‘లిజీతె’, ‘గవరీతె’ కూడా ఇంతే. ‘పడుకుని ఉన్నారు’, ‘పడుకుని ఉండండి’ రెండిటికీ ఒకే రూపం, ‘మాట్లాడుతున్నారు’, ‘మాట్లాడండి’ రెండిటికీ ఒకే రూపం. గొంతు, సందర్భం చెబుతాయి. వీటి మీద బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. తేడా లేనిచోట తేడా కోసం వెతికితే నీ మీద నీకే అనుమానం పెరుగుతుంది.

ఇప్పుడు మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. ‘రోజూ ఒక మాత్ర వేసుకుంటాను’ అంటాం. ‘రాత్రికి వేసుకుంటాను’ అనీ అంటాం. తెలుగులో అలవాటుకీ రేపటికీ ఒకే రూపం సరిపోతుంది. రష్యన్‌లో సరిపోదు. అలవాటైతే ‘ప్రినిమాయు’. ఒకసారి వేసేసుకోబోతుంటే ‘ప్రిమూ’. ఈ ‘ప్రిమూ’కి వర్తమానకాలం తోకే ఉంటుంది, చూడ్డానికి ఇప్పటి సంగతిలాగే ఉంటుంది, కానీ జంటలో పూర్తయ్యే పనిని చెప్పే క్రియకి ఆ తోక తగిలితే అది భవిష్యత్తు. ఆ క్రియకి వర్తమానమే లేదు. రోగి ‘ప్రిమూ’ అంటే ఇంకా వేసుకోలేదని అర్థం. తెలుగు బుర్రతో వింటే ‘వేసుకుంటాను’ అని వినిపిస్తుంది, రోజూ వేసుకుంటాడు కాబోలు అనుకుని రాసేస్తాం. ఆ పెద్దావిడ దగ్గర జరిగినదానికంటే ఇది ప్రమాదం. ఇక్కడ మాత్రం రూపం సరిగ్గా వినాలి, ఆ తర్వాతే ప్రశ్న.

భూతకాలంలో మాత్రం మన భాష నీకు కొంత సాయం చేస్తుంది. ‘చదివాను’, ‘చదివేశాను’ తేడా నీకు ఎవరూ నేర్పలేదు, అయినా తప్పు పోవు. ‘వేసుకునేదాన్ని’ అన్న మాట రష్యన్‌లో ‘ప్రినిమాల’లో ఒదుగుతుంది. అయితే ‘వేసుకున్నాను’ అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి మాటకు మాట పెట్టి మార్చకు. పరీక్ష మాట చూడు: ‘జ్దవాల’ అంటే పరీక్ష రాశాను, ‘జ్దలా’ అంటే పాసయ్యాను. ఇంటికి ఫోన్ చేసి పరీక్ష రాశాను అంటే అమ్మ వెంటనే ‘పాసయ్యావా?’ అని అడుగుతుందిగా, రష్యన్ తల్లి అయితే క్రియను బట్టే సగం గ్రహిస్తుంది. డాక్టరు గురించి ‘ప్రిహదీల్’ అంటే వచ్చి వెళ్లిపోయి ఉంటారు, ‘ప్రిషోల్’ అంటే వచ్చారు, ఇక్కడే ఉన్నారు. క్రియ చివర ‘స్య’ చేరే రూపాలు కూడా నీకు కొత్తగా అనిపించనక్కర్లేదు. ‘మీత్’, ‘మీత్స’ అంటే కడగడం, స్నానం చేయడం. మనం కడుగు, కడుక్కో అంటాం; తొడుగు, తొడుక్కో అంటాం. అన్నిచోట్లా ఈ లెక్క కుదరదు గానీ ఆస్పత్రి మాటల్లో బాగానే పనికొస్తుంది.

సరే, ఇక నువ్వడిగిన దారులు.

ఇంకో దేశంలో కాలేజీకి మారడం గురించి. 2021 నవంబర్లో నేషనల్ మెడికల్ కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం విదేశంలో వైద్యం చదివేవాళ్లు కోర్సు మొత్తం, ఆ తర్వాతి 12 నెలల ఇంటర్న్‌షిప్‌తో సహా, ఒకే సంస్థలో పూర్తిచేయాలి. నువ్వు చేరింది ఆ తర్వాతే. మారితే ఇక్కడికొచ్చాక లైసెన్సుకే ఇబ్బంది రావచ్చు. ఏజెంట్ ఎవరైనా ‘అదేం లేదు, చూసుకుంటాం’ అంటే కాగితం మీద రాసిమ్మని అడుగు, ఏమంటాడో చూద్దువుగాని. పైగా ఎక్కడికి వెళ్లినా అక్కడి రోగులు అక్కడి భాషే మాట్లాడతారు. ఆ భాష మళ్లీ మొదటినుంచి.

ఏడాది సెలవు నిబంధనల పరంగా కుదరొచ్చు. చేరిన రోజు నుంచి పదేళ్లలోపు కోర్సు అయిపోవాలన్నదే గడువు. ఆరోగ్యం బాగోలేకపోతే, మనసు మరీ కుంగిపోతే ఆ దారి తప్పు కాదు, అప్పుడు భాష సంగతి తర్వాత. భాష కోసమే అయితే మాత్రం నాకు నచ్చలేదు. గుంటూరులో కూర్చుంటే ఉన్న రష్యన్ కూడా పోతుంది, లోను వడ్డీ పెరుగుతుంది, తిరిగి వెళ్లేసరికి నీతోపాటు చేరినవాళ్లు నీకు సీనియర్లై ఉంటారు.

సీనియర్ల మాట పూర్తిగా కొట్టిపారేయను. విదేశంలో వైద్యం చదివొచ్చినవాళ్లు లైసెన్సు కోసం ఇండియాలో రాయాల్సిన ఎఫ్‌ఎంజీఈ పరీక్ష ఇంగ్లీషులోనే, 300 మార్కులకి 150 రావాలి. చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. దానికి చదవాల్సిన గంటలన్నీ రష్యన్ క్రియల మీద పెట్టమని నేనూ చెప్పను. నలభై యాభై ప్రశ్నలు బట్టీ పట్టి గడిపేసేవాళ్లున్నారు, డిగ్రీ తెచ్చుకున్నారు కూడా. అయితే నీ ప్రశ్న బట్టీ పట్టొచ్చు, రోగి జవాబు బట్టీ పట్టలేవు. మూడేళ్లు వార్డులో నిలబడి జవాబులు అర్థం కాకపోతే రోగిని చూసే చదువు పుస్తకంలోంచే నేర్చుకోవాల్సొస్తుంది. ఇంటర్న్‌షిప్‌లో అది బాగా తెలుస్తుంది. ఈ దారి పట్టాలనుకుంటే పట్టు, కానీ ఏం వదులుకుంటున్నావో తెలిసి వదులుకో.

మాట్లాడిపెట్టే క్లాస్‌మేట్ దగ్గర నేర్చుకోవడం తప్పు కాదు. అతని వెనక దాక్కోవడం వల్ల అతని రష్యన్ పెరుగుతోంది, నీది అక్కడే ఉంది. మొత్తం మానేయమని అనను. ఒక్కో కేసులో ఒక్క భాగం, మందుల చరిత్ర అనుకో, అది నేను అడుగుతాను అని అతనితో చెప్పు. మిగతాది అతన్నే కానివ్వు. తప్పు వస్తే పక్కనే ఉంటాడు. నెమ్మదైన దారి, ఖర్చు లేదు, పరువు గొడవా తక్కువ.

ట్యూషన్ పెట్టించుకోవడం ఇంకో దారి. ఖర్చవుతుంది. టీచరు ఆమె పుస్తకం ఆమె చెప్పుకుపోతే ఉపయోగం కూడా తక్కువ, టికెట్లు కొనే సంభాషణలు నీకు ఇప్పుడెందుకు? వార్డులో నువ్వు విన్న వాక్యాలు రాసుకుని అవే పట్టుకెళ్లు. రోగి అన్నదాన్ని అన్నట్టే, అర్థం కాకపోయినా, తెలుగు లిపిలో చెవికి వినిపించినట్టు రాసుకో, పేర్లు రాయకు. వారానికి పది వాక్యాలు తీసుకెళ్తే చాలు, ‘ఇక్కడ ఈ రూపం ఎందుకు వాడారు?’ అని అడగడానికి. మీ కాలేజీలోనే విదేశీ విద్యార్థులకు రష్యన్ చెప్పే విభాగం ఉంటుంది. అక్కడ అడిగితే డబ్బు లేకుండానే పని కావచ్చు, ముందు అది చూడు. నన్నడిగితే క్లాస్‌మేట్‌తో ఒప్పందం, ఈ పది వాక్యాలు, రెండూ కలిపి ఒక సెమిస్టర్ ప్రయత్నించి అప్పుడు మిగతా దారుల గురించి ఆలోచించేదాన్ని. నీ పరిస్థితి నీకే బాగా తెలుసు.

నాన్నగారికి చెప్పాలా అన్నావు. ఫెయిలయ్యానని చెప్పడానికి నువ్వు ఫెయిలవలేదు. ట్యూషన్‌కి డబ్బు కావాల్సొస్తే ఎందుకో చెప్పి అడుగు. ఆస్పత్రిలో భాష కష్టంగా ఉంది, నేర్చుకుంటున్నాను అంటే లోను తీసి పంపిన మనిషికి అర్థం కాకపోదు. ఏడాది సెలవు పెట్టాలని తేల్చుకుంటే మాత్రం కాగితం ఇచ్చేముందే చెప్పు, తర్వాత కాదు. లోను ఆయన పేరు మీద ఉంది.

నీకు భాషలు రావని మాత్రం అనుకోకు. రెండేళ్లు పట్టించుకోని భాషలో, మూడో ఏడాది ఒక్కసారిగా రోగుల ముందు నిలబెట్టారు. చెవికి అలవాటు లేదు, అంతే. రష్యన్‌లో భూతకాలం క్రియ ఆడా మగా తేడా చూపిస్తుంది, హిందీలో ఆయా, ఆయీ లాగా. నీ ఉత్తరంలో ఉదాహరణకి రాసిన రష్యన్ వాక్యాల్లో ఆ తేడా ఒక్కచోట కూడా తప్పలేదు. అది పట్టుకున్న చెవి మిగతాది కూడా పట్టుకుంటుంది.

ఇక యాప్. కొత్త మాటకి అర్థం వెతకడానికి బాగుంటుంది, వాడుకో. మాట్లాడింది విని అక్షరాల్లో పెట్టే సదుపాయం రోగి మంచం దగ్గర నమ్మదగ్గది కాదు. నొక్కు తేడాతో మారే మాటల్ని అది సందర్భాన్ని ఊహించి రాస్తుంది, ఊహ తప్పితే తప్పిందని చెప్పదు. తెలుగులోకి మార్చితే ‘ప్రినిమాయు’, ‘ప్రిమూ’ రెండూ ‘తీసుకుంటాను’ అనే రావచ్చు, నీకు సరిగ్గా కావలసిన తేడా అక్కడే పోతుంది. కాబట్టి మందుల విషయంలో యాప్ ఏం చూపించినా మళ్లీ అడుగు: ఇవాళ వేసుకున్నారా, చివరిసారి ఎప్పుడు, ఎన్ని. రోగి గొంతు రికార్డు చేయకు, పేరు, కేసు షీటు ఫొటో యాప్‌లో పెట్టకు. అది అక్కడైనా ఇక్కడైనా నీ మెడకు చుట్టుకునే వ్యవహారం.